తాతయ్య నా ముక్కు అడిగిన రోజు

మా తాతయ్య పుండును ముందు ముక్కుతో చూసేవాడు. కట్టు విప్పడం, మోకాళ్ల మీద కూర్చోవడం, ముక్కు తగులుతుందా అన్నంత దగ్గరగా వంగి నిండా గాలి పీల్చడం. ఆ తర్వాతే కళ్లజోడు పెట్టుకునేవాడు. పెద్ద యుద్ధంలో బర్మా సరిహద్దున గుడారాల్లో సిపాయిలకు ఆపరేషన్లు చేసినప్పుడు పట్టిన అలవాటు అది. తిరిగొచ్చి విశాఖ పక్కన సముద్రపొడ్డు పల్లెలో నలభై ఏళ్లకు పైగా వైద్యం చేసినా పోలేదు. గాలానికి చీరుకున్న వేళ్లు, పడవ కింద నలిగిన కాళ్లు, ఏది తెచ్చినా అదే వరస. పల్లెలో ఆయన్ని "వాసన డాట్రు" అనేవాళ్లు. ఎదురుగానే అనేవాళ్లు. ఆయనకూ అదేదో బిరుదులాగే ఉండేది.

ఎనభై దాటాక ఆ ముక్కు మొరాయించింది. పంతొమ్మిది వందల తొంభై అయిదు ప్రాంతంలో కూర్మన్నపాలెంలో మా నాన్న దగ్గరికి వచ్చేసరికి, పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కమురు కొడుతున్నా పక్క గదిలో పేపరు చదువుకుంటూ కూర్చునేవాడు. వైద్యం మానేశాడు. పల్లె మాత్రం ఆయన్ని మానలేదు. బస్సెక్కి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చేది. "ఇక్కడేటి, ఆసుపత్రి పెట్టామా?" అని విసుక్కుంటూనే అమ్మ నీళ్లు కాచేది.

నాకప్పుడు మూడో నెల. అత్తవారింట్లో వేవిళ్లతో మంచం పట్టానని అమ్మ తెచ్చుకుంది. అవి మామూలు వేవిళ్లు కావు. పోపు పెడితే వాంతి, పక్కింటావిడ తలకు నూనె రాసుకుంటే వాంతి. స్టీల్ ప్లాంటు డ్యూటీ దిగి నాన్న వీధి మలుపు తిరిగితే లోపలి గదిలో ఉన్న నాకు తెలిసిపోయేది. పాపం, ఆయన నా మీద అలిగి పెరట్లో స్నానం చేసి మరీ లోపలికొచ్చేవాడు.

ఒక పొద్దున నడివయసు జాలరి ఒకతను భార్య భుజం పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు. పడవ తోస్తుంటే తుప్పు మేకు పాదంలో దిగబడిందట. ఊళ్లో ఎవరో పైపైన కుట్లు వేసి కట్టు కట్టారు. మూడు రోజులైంది, పాదం బూరెలా పొంగింది.

"పెద్దాసుపత్రికెల్తే కాలు తీసేత్తారంట డాట్రుబాబూ," అంది భార్య. "కాలు లేపోతే ఈడు సముద్రం మీదికి ఎలాగెల్తాడు? నువ్వు సూసి సెప్పు. ఎల్లమంటే ఎల్తాం, ఒద్దంటే ఇంటికెలిపోతాం."

తాతయ్య కట్టు విప్పాడు. వంగి గట్టిగా పీల్చాడు. మళ్లీ పీల్చాడు. ఆ ముఖం చూడలేక నేను తల తిప్పుకున్నాను.

"అమ్మడూ, ఇలా రా," అన్నాడు. "ఈ జిల్లా మొత్తంలో ఇప్పుడు నీ ముక్కుని మించింది లేదు. వాసన చూసి చెప్పు."

వంటింట్లోంచి అమ్మ కేకేసింది. "ఏటి మావయ్యా, కడుపుతో ఉన్న పిల్లని పుండు దగ్గరికి పిలుస్తారేటి!"

"ముట్టుకోమన్లేదమ్మా. గాలి పీలిస్తే చాలు. లోపల కుళ్లుంటే చెడ్డ తీపి వాసనొస్తుంది. ఉంటే ఇప్పుడే పెద్దాసుపత్రికి పంపాలి."

వంగాను. చచ్చినా పీల్చదలుచుకోలేదు. ఊపిరి బిగబట్టి, మనసులో నాలుగంకెలు లెక్కపెట్టి లేచాను.

"ఏం లేదు తాతయ్యా. చేపల వాసనే," అన్నాను. సిగ్గు లేకుండా అన్నాను.

తాతయ్య వేళ్లతో పాదం నొక్కి చూశాడు. "నాకైతే అనుమానంగానే ఉంది. పోనీలే, నీ ముక్కు బాగున్నప్పుడు నా అనుమానం దేనికి," అని కట్టు కట్టి, రేపు మళ్లీ రమ్మని పంపేశాడు. భార్య ఆయన కాళ్లకు దండం పెట్టి, నా బుగ్గలు కూడా పుణికింది. "నీ కడుపు సల్లగుండ తల్లీ," అంది.

ఇద్దరూ రిక్షా ఎక్కి జంక్షన్‌కి వెళ్లిపోయారు. తాతయ్య చేతులు కడుక్కుంటూ "బతికిపోయాడు" అని తనలో తాను నవ్వుకున్నాడు. ఆ నవ్వు చూశాక నా వల్ల కాలేదు.

"తాతయ్యా, నేను పీల్చలేదు. ఊపిరి బిగబట్టాను."

తిడతాడనుకున్నాను. ఆయన చేతిలో తువ్వాలు కూడా పక్కన పెట్టలేదు. చెప్పుల్లేకుండా, బనీనుతో, ఎనభై రెండేళ్ల మనిషి వీధిలో పరుగు. వెనక నేను. నా వెనక "ఓలమ్మో, పరిగెత్తకే!" అంటూ అమ్మ. మేం చేరేసరికి జంక్షన్‌లో బస్సు కదలబోతోంది. తాతయ్య దాని ముందుకెళ్లి రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.

"ఏటి ముసిలోడా, సచ్చిపోతావేటి?" డ్రైవరు అరిచాడు.

"సస్తే సస్తాను, ముందు బస్సాపు!" తాతయ్య అంతకు రెట్టింపు అరిచాడు.

బస్సెక్కి, జనం చూస్తుండగా సీట్ల మధ్య కింద కూర్చుని ఆ కట్టు నేనే విప్పాను. ఈసారి నిండా పీల్చాను. మగ్గి మగ్గి నీరు కారుతున్న పనసపండు వాసన. లేచి కిటికీలోంచి వాంతి చేసుకున్నాను. తాతయ్యకు నేనింకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ కట్టు ఆయనే మళ్లీ చుట్టాడు.

అతన్ని ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. దారి పొడుగునా "కాలు తీయనీకు బాబూ" అని ఒకటే ఏడుపు. తాతయ్య ఆ బనీనుతోనే ఆపరేషన్ గది గుమ్మం దాకా వెళ్లి, మనవల వయసు డాక్టర్లకు "కుట్లు విప్పండి, చచ్చిన కండంతా తీసెయ్యండి, మళ్లీ మాత్రం కుట్టకండి, తెరిచి ఉంచండి" అని చెప్పాడు. వాళ్లు ముందు ఎగాదిగా చూశారు, తర్వాత స్టూలు వేసి కూర్చోబెట్టారు. ఎంత గర్వమనిపించిందో, అంత ఏడుపూ వచ్చింది నాకు. మధ్యాహ్నం దాటాక ఒక డాక్టరు బయటికొచ్చి, రెండు వేళ్లు పోయాయి, పాదం దక్కింది, రేపటిదాకా ఆగుంటే మనిషే దక్కేవాడు కాదు అన్నాడు.

వరండా బల్ల మీద తాతయ్య పక్కన కూర్చున్నాను. "నన్ను తిట్టవేం తాతయ్యా?"

ఆయన అరికాలికి అంటిన తారు గీక్కోవడం మొదలెట్టాడు.

"బర్మా దగ్గర ఒక సిపాయి," అన్నాడు గీకుతూనే. "తొడలో గాయం. నాకు రెండు రోజులుగా నిద్ర లేదు. కట్టు విప్పడానికి బద్ధకించాను. మా పెద్ద సర్జన్ వచ్చి, వాసన చూశావా అనడిగాడు. చూశాననేశాను. మర్నాటికి ఆ సిపాయి లేడు."

నేను ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

"చూళ్లేదని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదమ్మడూ. నువ్వు బస్సు కదలకముందే చెప్పావు."

అని నా తల మీద చెయ్యి వేశాడు. ఆ చేతికి ఇంకా పుండు వాసన ఉంది. నాకు వాంతి రాలేదు.