లోపల ఏమీ లేవన్నాను

ఏళ్ల తరబడి ఒక బరువు గుండెల మీద పెట్టుకుని తిరుగుతున్నానండీ. వేళకి తింటాను, నిద్రపోతాను, పెళ్లిళ్లకి పట్టుచీర కట్టుకుని వెళతాను. అదీ నాతోనే వస్తుంది. మీరెవరో నాకు తెలీదు. తెలీదు కాబట్టే చెబుతున్నాను. తెలిసినవాళ్లకి చెప్పే ధైర్యమే ఉంటే ఎప్పుడో చెప్పేదాన్ని.

మొన్న టీవీలో ఒక వార్త వచ్చింది. రెండు పెద్ద దేశాలు తమ అణుబాంబులకి హద్దు పెట్టుకుని రాసుకున్న ఒప్పందానికి గడువు తీరిపోయిందట. కొత్తది రాసుకోలేదట. ఒకరి దగ్గరున్నవి ఇంకొకరు వెళ్లి చూసుకునే పద్ధతి అంతకుముందే ఆగిపోయిందట. మా ఆయన నవ్వారు. "దాచుకోకుండా ఎవడుంటాడే? ఆ రోజు వాళ్లు దాచలేదూ?" అన్నారు. వంటింట్లోకి వెళ్లి గోడకి ఆనుకుని నిలబడిపోయాను.

దాచింది వాళ్లు కాదు. నేను.

ఇప్పుడు వట్లూరులో ఉంటున్నాం గానీ, మాది కొల్లేటి ఊరు. పక్కపక్కనే ఉన్న రెండు చేపల చెరువులు, మధ్యలో ఒక గట్టు. ఆ గట్టు ఎవరిదన్న తగాదాతో ఊరు రెండుగా చీలింది. మావైపు పెద్ద మా ఆయన. అటువైపు పెద్ద రాంబాబు. మా మరిది శ్రీనుని తల పగలగొట్టి గుమ్మం ముందు పడేసి పోయారోసారి. మావాళ్లు ఊరుకుంటారా? వాళ్ల మనిషి చెయ్యి మణికట్టు దగ్గర నరికేసి వచ్చారు. రక్తపు చొక్కాలతోనే భోజనానికి కూర్చుంటే వడ్డించింది నేనే. అయ్యో అనిపించలేదు. బాగా అయింది అనుకున్నాను. అప్పటికి అలా ఉండేదాన్ని.

నాటుబాంబులు రెండువైపులా ఉండేవి. అప్పుడు ఏలూరు నుంచి ఒక ఆఫీసరుగారు వచ్చారు. చిన్న వయసే. అందర్నీ బడిలో కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పారు. ప్రపంచాన్ని బూడిద చేయగల దేశాలే ఎదురెదురుగా కూర్చుని వేలకి వేలు బాంబులు తగ్గించుకున్నాయని, ఆ ఒప్పందాలు నోటిమాట మీద కాకుండా, ఒకరింటికొకరు వెళ్లి కళ్లతో చూసుకోవడం మీద నిలబడ్డాయని. మీరూ అలాగే చేయండి, మొత్తం అప్పగించండి, ఆ తర్వాత వాళ్ల ఇళ్లు మీరు, మీ ఇళ్లు వాళ్లు వెతుక్కోండి అన్నారు. మా ఆయనకి ఆ మాట నచ్చింది. ఆయనకీ విసుగొచ్చేసిందేమో.

కత్తులు, బరిశెలు, బాంబులు అన్నీ బడి ముందుకి చేరాయి. మా ఆయన ఒక్కటీ మిగల్చలేదు. ఆ ముందురోజే, ఆయన చూడకుండా, నేను రెండు బాంబులు తీసేశాను. గేదెల కోసం నా గదిలో పెట్టుకున్న తవుడు బస్తాలో లోతుగా కుక్కి, మూతి నా పాత చీర అంచుతో కట్టాను. తవుడులో అయితే ఒరిపిడి ఉండదు. ఎందుకు దాచావే అంటే ఏం చెప్పను? భయం అంటాను. నిజంగా భయమేనా? వాళ్లని నమ్మి ఓడిపోవడం నాకు ఇష్టం లేదు. అదీ అసలు సంగతి.

మా ఇల్లు వెతకడానికి రాంబాబే వచ్చాడు. పశువుల పాక, గడ్డివాము, అటక అన్నీ చూశాడు. నా గది గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

"అక్కయ్యగారూ, లోపల ఇంకేమన్నా ఉన్నాయాండీ?"

"ఏమీ లేవు తమ్ముడూ. కావాలంటే వచ్చి చూసుకో."

"ఆడవాళ్లుండే గదిలోకి నేనెందుకొస్తానండీ. మీ మాట చాలు."

మజ్జిగ ఇస్తే తాగి వెళ్లాడు. వాళ్లింట్లో మా ఆయనా అంతే, గుమ్మం దాటలేదట. వాళ్లావిడ లేవందట. ఆవిడ చెప్పింది నిజం.

ఊరు కుదుటపడింది. ఆ సంతోషంలోనే నేను ద్వారకా తిరుమల వెళ్లాను. నవ్వొస్తోంది కదండీ? దొంగతనంగా బాంబులు దాచుకున్నదాన్ని, ఊళ్లో గొడవలు సద్దుమణిగాయని దేవుడికి దండం పెట్టుకున్నాను. తిరిగొస్తూ ప్రసాదం శ్రీనుకి ఇద్దామని చెరువు దగ్గరే ఆటో దిగాను. ఇంకా గట్టెక్కలేదు, పేలింది.

తవుడు లారీ రాలేదని శ్రీను మా ఇంట్లోంచి బస్తాలు మోసుకొచ్చేశాడు. చేపలకి మేత కలపడానికి వాటిని దోనె పడవలోకి విసిరాడు. నేను చూసేసరికి దోనె సగం లేదు. శ్రీను పొట్ట చీలిపోయి నీళ్లలో ఉన్నాడు, నోరు తెరిచి చేపలా కొట్టుకుంటున్నాడు. అవతలి చెరువులోంచి రాంబాబు గట్టు దాటుకుని పరిగెత్తుకొచ్చాడు. మొలలోతు నీళ్లలోకి దిగి, శ్రీనుని రెండు చేతులా ఎత్తుకుని పైకి తెస్తున్నాడు. ఒళ్లంతా రక్తం. సరిగ్గా అప్పుడే మా ఆయన వచ్చారు. గట్టు మీద మట్టి పార ఉంది.

నా కాళ్ల దగ్గర నా చీర అంచు ముక్క పడుంది. అప్పటికే నాకు మొత్తం అర్థమైపోయిందండీ. మా ఆయన పార ఎత్తారు. ఒక్క కేక వేస్తే ఆగేవారు. "వాడు కాదు, నేను" అంటే చాలు. నోరు రాలేదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటున్నాను. అబద్ధం. నోరు వచ్చింది. పార మెడ మీద పడ్డాక "అమ్మో" అని అరిచాను కదా మరి. రాంబాబు పడిపోయినా శ్రీనుని వదల్లేదు. మా ఆయన మళ్లీ కొట్టారు. మళ్లీ మళ్లీ కొట్టారు. ఎముకకి తగిలిన చప్పుడు, మెత్తగా తగిలిన చప్పుడు, రెండూ విన్నాను. నీళ్ల మీద తవుడు తేలుతోంది, చేపలు వచ్చి తింటున్నాయి.

ఆ సాయంత్రమే మావాళ్లు వాళ్ల ఇళ్లు తగలబెట్టారు. బాంబు వేసింది రాంబాబేనని పోలీసులూ నమ్మారు. ఆఫీసరుగారు తల దించుకుని వెళ్లిపోయారు, ఆయన పద్ధతిలో లోపం ఉందనుకున్నారు కాబోలు. లోపం పద్ధతిలో లేదు. పెద్ద దేశాలు ఎంతమందిని పంపించి ఎన్ని తాళాలు తెరిపించుకున్నా, ఎక్కడో ఒక గదిలో నాలాంటిది ఒకతి మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడే ఉంటుంది.

మా ఆయన జైలు శిక్ష పూర్తిచేసి వచ్చారు. తమ్ముణ్ణి చంపినవాణ్ణి చంపానన్న ఒక్క నమ్మకంతో బతుకుతున్నారు. రాంబాబు భార్య తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో ఉల్లిపాయలు ఏరుకుంటూ బతుకుతోంది. ఒకసారి ఎదురుపడి, "మా ఆయన మాట తప్పే మనిషి కాదండీ, మీరైనా నమ్మండి" అంది. బస్సు వస్తోందమ్మా అని వచ్చేశాను.

క్షమించమని అడగడం లేదు. మీరెవరండీ క్షమించడానికి? నా పేరు రాయలేదు గానీ, రాంబాబు పేరు మార్చబుద్ధి కాలేదు. అతను అన్నీ అప్పగించేశాడు. బాంబులు నావి. ఈ మాట కాగితం మీద పెట్టాక, ఊపిరి కిందదాకా వెళుతోంది.

మా ఆయనకి ఈమధ్య చూపు ఆనడం లేదు. పొద్దున్నే పేపరు నేనే చదివి వినిపిస్తాను, ఒక్క ముక్క వదిలినా ఊరుకోరు. ఇది అచ్చయిన రోజు ఇదీ చదువుతాను. గట్టు దగ్గరికి వచ్చేసరికి ఆయనకి తెలిసిపోతుంది. ఆపమంటారు. ఆపను.