తెరుచుకోని గ్రిల్

1990లో నేను కువైట్‌లోని అబూ హలీఫాలో వెల్డింగు పని చేసేవాణ్ణి. మాది రాయచోటి దగ్గర పల్లె. మేం కడుతున్న బిల్డింగులో, నిప్పంటుకుంటే బయటపడడానికి ప్రతి ఫ్లాటుకూ ఒక కిటికీ గ్రిల్ తలుపులా తెరుచుకోవాలని ప్లానులో ఉంది. కాంట్రాక్టరు మాత్రం, “అంత టైం లేదు. అన్నీ బిగించెయ్, యల్లా, త్వరగా!” అన్నాడు. తప్పని తెలిసీ నోరు మూసుకుని అతికేశాను.

ఇరాక్ సైన్యం వచ్చాక, కోనసీమ నుంచి వచ్చి ఇళ్లలో పనిచేసే సత్యవతక్కను వదిలేసి ఆమె యజమానులు పారిపోయారు. ఆమె ఆ బిల్డింగులోనే కింది ఫ్లాటులో తలదాచుకుంది. మేం పనివాళ్లం పక్క ఫ్లాటులో ఉండేవాళ్లం. ఒక మధ్యాహ్నం ఆమె కిరోసిన్ స్టవ్ పేలి గుమ్మం దగ్గర మంటలు లేచాయి. నేను బయట కిటికీ దగ్గరికి పరుగెత్తాను. అక్క లోపల చువ్వలు పట్టుకుని ఊపుతోంది.

“ఇది తెరుచుకోదేంటి తమ్ముడూ? బాబ్బాబూ, తియ్యవయ్యా!”

కరెంటు లేదు, కట్టింగ్ మెషీను పనిచేయదు. “యెనక్కి జరుగక్కా!” అని అరుస్తూ సమ్మెటతో బాదాను. నేను వేసిన అతుకులు ఒక పట్టాన ఊడలేదు. బయటికి లాగేసరికి ఆమె చేతులు మోచేతుల దాకా కాలిపోయాయి.

జోర్డాన్ వెళ్లే బస్సులో అక్క చేతుల కట్లు చూపిస్తూ, “ఈ అబ్బాయి లేకపోతే నేను లేనండీ. దేవుడిలా వచ్చాడు” అని అందరికీ చెప్పింది. రెండు రోజులు పక్కనే కూర్చుని కూడా నిజం చెప్పలేకపోయాను. అక్కడి శరణార్థుల క్యాంపులో విడిపోయాం. ఆ చేతులతో ఆమె తర్వాత ఎలా బతికిందో తెలియదు. దేవుడిలా వచ్చాడని ఇంకా ఎవరికైనా చెబుతూనే ఉందేమో.