కొండకోట ఇంట్లో, నేల కింద

కెనడా అవతలి కొసన ఉన్న సర్రీకి ఇల్లు మారాలని, సామాను సర్దడానికి మా ఆయన తెచ్చిన అట్టపెట్టెల్లో గట్టివన్నీ ఏరి, మా అమ్మాయి కొండకోట కట్టేసింది. నాలుగో గ్రేడ్ ప్రాజెక్టు. రోమన్లు రాకముందు బ్రిటన్‌లో కెల్టులనే జనం ఉన్న కోటట. కొండ చుట్టూ కందకాలు, మట్టికట్టలు, మధ్యలో గుండ్రటి ఇళ్లు. వాటి కప్పులకి నేను ఇండియా నుంచి సూట్‌కేసులో మోసుకొచ్చిన చీపురు పీకి పెట్టింది. మేముండే ఈ హామిల్టన్‌లో అలాంటి చీపురు దొరికి చస్తుందా! నాలుగు తిట్టి, ఇంతకీ ఏం వెలగబెట్టిందో చూద్దామని ఒక ఇంటి కప్పు ఎత్తాను.

లోపల పొయ్యి, తిరగలి. గోడ వారగా నేలలో చిన్న మూత. గోరుతో లేపితే, కింద గోధుమపిండితో చేసిన పాపాయి, మోకాళ్లు ముడుచుకుని పడుకుని ఉంది.

"ఏంటే ఇది?"

"డెడ్ బేబీ, మామ్. కొంతమంది ఇంట్లోనే, ఫ్లోర్ కింద పెట్టుకునేవాళ్లు."

మూత మళ్లీ మూసేశాను. ఈ పిల్లకంటే ముందు మాకొక బాబు. ఏడవకుండానే పుట్టాడు. ఈ ఊరి సమాధుల తోటలోనే ఉన్నాడు. ఆదివారం చర్చి అయ్యాక వాడి దగ్గరికి వెళ్తాం. నవంబర్‌లో సమాధుల పండుగకి మా కోస్తాలో లాగే కొవ్వొత్తులు వెలిగిస్తాను, ఇక్కడి గాలి ఒక్కదాన్నీ నిలవనివ్వదు. మా ఆయనకి సర్రీలో ఉద్యోగం ఖాయమైనప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. వాణ్ణి ఒక్కణ్ణీ వదిలి ఎలా వెళ్లను? పాస్టరు గారేమో "పరలోకంలో ఉన్నాడమ్మా" అంటారు. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ నేను మట్టి వేసింది ఇక్కడ.

"మరి వాళ్లు ఆ కొండ వదిలి వెళ్లిపోయినప్పుడు పిల్లల్ని ఏం చేశారే?"

"దే లెఫ్ట్ దెమ్," అంది చాలా మామూలుగా. లైబ్రరీ పుస్తకం తెరిచి ఫొటో చూపించింది. రెండు వేల ఏళ్ల తర్వాత తవ్వితే బయటపడ్డాయట. నెత్తళ్ల చేప ముళ్లంత సన్నటి పక్కటెముకలు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎలా వెళ్లారు ఆ తల్లులు, కాళ్లెలా వచ్చాయి? ఆ వెంటనే ఒక ఆశ పుట్టింది. వాళ్ల పిల్లలే అంతకాలం ఉంటే, నా బిడ్డ ఉండడా?

మర్నాడు పొద్దున్నే సమాధుల తోట ఆఫీసుకి ఫోన్ చేశాను. మా బాబుని సర్రీకి తీసుకెళ్తాను, తవ్వి ఇస్తారా అని అడిగాను. పర్మిషన్ తీసుకోవచ్చంది ఫోనెత్తిన ఆవిడ. కానీ అంత చిన్న బిడ్డ, ఈ మట్టి, ఇన్నేళ్లు, బహుశా ఏమీ మిగిలి ఉండకపోవచ్చు అంది. నేను ఆవిడ మీద అరిచాను. ఎక్కడో రెండు వేల ఏళ్లున్నాయి, ఇక్కడెందుకుండవని అరిచాను. అన్ని చోట్లా మట్టి ఒకలా ఉండదమ్మా, ఐ యామ్ సారీ అంది.

సాయంత్రం మా ఆయన పెట్టెలకి టేపు వేస్తుంటే చెప్పాను. టేపు పక్కన పెట్టేసి కింద కూలబడ్డాడు. "అయితే... ఇక్కడ ఇంకేం లేనట్టే కదా. వెళ్దాం," అన్నాడు.

"చారెడు ఎముకలున్నా ఒళ్లో పెట్టుకుని వచ్చేదాన్నండీ," అన్నాను. "ఏమీ లేదంటే, వాడు ఆ మట్టే అయిపోయాడు. ఇక నేనెలా రాను?"