వార్నిష్ ఆరకముందే

మా చిన్నబాపు పోయిన నెల చనిపోయాడు. నస్పూర్‌లో పొలం మోటార్లకు తీగ చుట్టే షాపు ఆయనది. మా నాన్నకు తమ్ముడు, నాకు పని నేర్పిన మనిషి. పొద్దున చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఒరిగాడు. అంతే. పలకరింపుకు వచ్చినవాళ్లంతా ఒకటే మాట: "అదృష్టవంతుడు, బాధ పడకుండ పోయిండు." వింటుంటే ఒళ్లు మండింది. కొన్నేళ్లుగా ఆయన పడ్డది బాధ కాకపోతే మరేమిటి?

షుగరు ముందు చూపును తిన్నది, తర్వాత వేళ్ల కొసల్లోని స్పర్శను. తీగను రెండు వేళ్ల మధ్య రుద్ది "గిది ఇరవై రెండు" అని దాని మందం, అంటే గేజి, చెప్పేసే మనిషికి లావు తీగా సన్న తీగా ఒకటే అయిపోయాయి. ఒకసారి ఖానాపూర్ రైతు మోటారుకు సన్న తీగ పడింది. నీళ్లలో దించిన రోజే కాలిపోయింది. ఆ రైతు షాపు ముందు నిలబడి అరిచాడు: "కండ్లు కనవడనోన్ని కూసోవెట్టి పని జేపిస్తున్నరా? నా నారు ఎండుతున్నది!"

"తప్పు నాదే తమ్మీ" అన్నాడు చిన్నబాపు. ఆ మోటారును నేను మళ్లీ చుట్టాను. ఆయన మాత్రం ఆ తర్వాత తీగ ముట్టలేదు. షాపుకు వచ్చేవాడు, మూలన స్టూలు మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఆ చేతులు అలా ఖాళీగా ఉంటే చూడలేకపోయాను. ఆయన్ను మళ్లీ పనిలో కూర్చోబెట్టాలి, అంతే.

తీగ రీలు దగ్గరికి తెస్తే గేజి నంబరు పైకి చెప్పే పెట్టె చేద్దామనుకున్నాను. ఆఫీసు తలుపు దగ్గర, తగలకుండానే చూపితే బీప్‌మనే కార్డు ఉంటుంది కదా, అదే పని. రీలుకు ఒక ట్యాగు, బల్ల మీద ఒక రీడరు. ట్యాగులో బ్యాటరీ ఉండదు. రీడరు కాయిల్ చుట్టూ గాలిలో ఉండే అయస్కాంత శక్తిని తన కాయిల్‌తో అందుకుని, దాంతోనే జవాబు చెబుతుంది. నేను చదివింది పదో తరగతి. మిగతాదంతా ఫోనులో చూసీ, పాడైన బోర్డులు విప్పీ నేర్చుకున్నదే.

చిన్నబాపుకు చెబితే నవ్వాడు.

"కడుపుల ఏం లేకుండ ఎట్ల మాట్లాడుతది బిడ్డా?"

"మనం పెట్టింది తిని, మనకే ఎదురు జవాబు చెప్తది."

"అగో! మా అల్లుని లెక్కనే!"

కొన్న ట్యాగులు రీళ్లకు అంటిస్తే మూగబోయాయి. పక్కనే అంత రాగి ఉంటే రీడరు పంపే శక్తిని అదే మింగేస్తుంది. ట్యాగును చెక్కముక్క మీద ఎడంగా నిలబెట్టాలి, అక్కడికి సరిపోయే కాయిల్ మనమే చుట్టుకోవాలి. కాయిలూ కెపాసిటరూ కలిసి, రేడియోలో స్టేషను పట్టినట్టు, రీడరు శ్రుతికి సరిగ్గా పలకాలి. "తిప్పుడు నాది, తీగ వట్టుడు నీది" అంటూ ఆయనే స్టూలు ముందుకు జరుపుకున్నాడు. చుట్టే మిషను పిడి పట్టుకున్నాడు. నా చెయ్యి బిగిసినప్పుడల్లా, "తీగను గుంజకు బిడ్డా, రమ్మను" అనేవాడు.

మొదటి ట్యాగు పలికింది. మర్నాడు చూస్తే మూగ. సర్క్యూట్ అంతా వెతికాను, తప్పు లేదు. చివరికి కాయిల్ ముట్టుకుంటే గట్టిగా, నున్నగా తగిలింది.

"వార్నిష్‌ల ముంచినవా?" అని అడిగాను.

"ముంచకుంటే ఎట్ల? వార్నిష్ లేని కాయిలు బట్టల్లేని మనిషి లెక్క."

మోటారు చుట్టేవాళ్లే చేయగల తప్పు ఇది. మా దగ్గర ఏ కాయిలైనా వార్నిష్‌లో మునగాల్సిందే. చుట్ల మధ్య చేరిన ఆ వార్నిష్ శ్రుతిని కిందికి దించేసింది. ఈసారి కొన్ని చుట్లు తగ్గిద్దాం, ఇప్పుడు పైకి పలికినా ఆరాక సరైన చోటికి దిగుతుంది అన్నాను.

మూగబోయిన కాయిల్‌ను చేతిలో తిప్పుతూ అన్నాడు: "అంటే ముందు తప్పుండాలె, ఆరినంక ఒప్పయితది. మంచిగనే ఉన్నది."

రెండోది చుట్టి, ముంచి, మేకుకు వేలాడదీశాం. బయట ముసురు. త్వరగా ఆరేలా బల్బు వేడి కింద పెడదామన్నాను.

"జల్ది ఏమున్నది? దాని తీరున ఆరనియ్యి. ఆరినంక వచ్చే మొదటి మోటరు నేనే చుడుత."

చుడుత అన్నాడు. ఆ మాట కోసమే కదా ఇదంతా. ఆయన పోయిన రోజు కాయిల్ మీద వేలు పెట్టి చూశాను. ఇంకా అంటుకుంటోంది. బల్బు పెట్టి ఉంటే ఒక్క మోటారైనా చుట్టేవాడు. కోపం వస్తోంది, ఎవరి మీద చూపించాలో తెలియడం లేదు. వాన మీదా?

దినాలు అయ్యాక షాపు తెరిచాను. కాయిల్ ఆరింది. ఒక రైతు కాలిన మోటారు దించుకుని బల్ల ముందు నిలబడ్డాడు. కాయిల్‌ను ట్యాగుకు అతికించి, రీలుకు కట్టి, రీడరు దగ్గరికి తెచ్చాను. పెట్టెలో ఉన్న గొంతు నాదే. ఆయన ఉన్నప్పుడు ఆయన కోసం రికార్డు చేసింది కాబట్టి ఆయనకు చెబుతున్నట్టే చెప్పాను. పెట్టె పలికింది:

"ఇరవై ఒకటి, చిన్నబాపూ."

ఆ పిలుపు విని లోపలి నుంచి ఎవరో వస్తున్నారనుకుని, రైతు పక్కకు జరిగి దారి ఇచ్చాడు.