చేతులు చూసి చెప్పిన సార్

మొన్న పొద్దున మా అన్న ఫోన్ చేశాడు. "సార్ పోయిన్రే చెల్లె. నిద్రలనే పోయిన్రట" అన్నాడు. ఏడుపు కంటే ముందు నాకు ఊరట కలిగింది. కొన్నాళ్లుగా ఆయాసంతో ఆయన పడిన అవస్థ చూసినవాళ్లెవరికైనా అలాగే అనిపిస్తుంది. వెంటనే ఝరాసంగం నుంచి ఆటో ఎక్కాను.

జహీరాబాద్‌లో మాకు తెలుగు చెప్పిన సార్ ఆయన. జేబులో ఎప్పుడూ సోంపు ఉండేది. బస్టాండులో కనబడినా, పెళ్లిలో కనబడినా చేతిలో కాస్త సోంపు పోసి ఏదో ఒక మాటకు అర్థం అడిగేవారు. జవాబు రాకపోయినా సోంపు మాత్రం వెనక్కి తీసుకునేవారు కాదు.

ఒకరోజు తరగతిలో 'దుండగుడు' అంటే అర్థం అడిగారు. దాడి చేసేవాడు, ముష్కరుడు, దౌర్జన్యపరుడు, రౌడీ, గూండా అని తలా ఒకటి అరిచాం.

"ఎట్లుంటడు వాడు?"

పెద్ద మీసాలు, ఎర్ర కండ్లు, బండ గొంతు అన్నాం. అవన్నీ సార్‌కే ఉన్నాయి! మేం నాలిక కరుచుకునేలోపే ఆయన పగలబడి నవ్వారు. "అయితే పోలీసోళ్లు ముందుగాల నన్నే పట్టుకపోవాలె. మీసం చూసి గాదు బిడ్డా, చేతులేం చేసినయో చూసి అనాలె ఆ మాట."

మా అన్నకూ అవన్నీ ఉన్నాయి. అల్లం మండీలో బస్తాలు మోసే మనిషి. నిరుడు హైవే పక్కన ఎవరో ఇద్దరు ఒక లారీ డ్రైవర్‌ను ఇనుప రాడ్‌తో కొడుతుంటే అన్న అడ్డంపడి రాడ్ లాక్కున్నాడు. వాళ్లు బండెక్కి పారిపోయారు. జనం వచ్చి చూసేసరికి డ్రైవర్‌కు స్పృహ లేదు. పక్కన అంగీ నిండా రక్తంతో, చేతిలో రాడ్‌తో మా అన్న. ఇంకేముంది! "గీడే కొట్టిండు" అన్నారు. పోలీసులు తీసుకుపోయారు. బజారంతా దుండగుడనే పేరు పడింది. మా వదిన కనబడితే ఇరుగుపొరుగు తలుపులు వేసుకున్నారు.

జరిగింది చూసినవారు సార్ ఒక్కరే. ఎదురుగా రాయికోడ్ బస్సు కోసం నిలబడి ఉన్నారట. గుంపులో ఆయన మాట ఎవరూ వినిపించుకోలేదు. ఆయాసపడుతూనే ఠాణాకు వచ్చారు.

"గీ వయసుల మీకెందుకు సార్ ఈ లొల్లి?" అన్నాడు అక్కడి కానిస్టేబుల్.

"నేను చెప్పిన పాఠమే గద బిడ్డా. ఈ చేతులు కొట్టలే, ఆపినయి. నేను చూసిన."

ఆ మాట రాసుకునేదాకా కుర్చీలోంచి లేవలేదు. తర్వాత దవాఖానలో డ్రైవర్ కళ్లు తెరిచి అదే చెప్పాడు. అన్న ఇంటికొచ్చాడు. హమ్మయ్య అనుకున్నాం. కానీ పడ్డ పేరు అంత తొందరగా పోతుందా? మండీలో కొందరు అన్నను చూసి పక్కకు జరుగుతూనే ఉన్నారు.

మొన్న సార్‌ను తీసుకుపోయేటప్పుడు ఆయన భార్య అన్నను పిలిచింది. "ముందు నువ్వే పట్టు బిడ్డా. మీ సార్ చెప్పిపోయిన్రు" అంది. తెల్ల అంగీ వేసుకొచ్చిన అన్న ఏడుస్తూ పాడెకు భుజం పట్టాడు. దారి పొడుగునా పాడె మీద ఎర్ర గులాల్ పొడి చల్లారు. బజారు దాటేసరికి అన్న అంగీ నిండా మళ్లీ ఎరుపే. ఈసారి ఎవరూ పక్కకు జరగలేదు. భుజం మార్చుకుందాం అంటూ ఒకరి తర్వాత ఒకరు అన్న దగ్గరికే వచ్చారు.