మూడు బల్బుల పలక

మొన్న ఒక సభలో ఒకాయన, జనగామ వైపు మోటారు వైండింగ్ పనిని బయటి నుంచి వచ్చినవాళ్లే నేర్పారని అన్నాడు. ఎవరూ కాదనలేదు. నేను కాదంటున్నాను. నాకు నేర్పింది మా ఊరి గ్రంథాలయం. ఆ మాట కాగితం మీద ఉండాలని ఇది రాస్తున్నాను.

1974 యాసంగి పంట కాలంలో జనగామ స్టేషను దారిలో ఒక రేకుల కొట్టు కిరాయికి తీసుకుని వైండింగ్ షాపు పెట్టాను. అంతకుముందు జిన్నింగ్ మిల్లులో ఎలక్ట్రీషియన్‌కు హెల్పరును. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీ మూతపడితే నా చదువు అక్కడే ఆగింది. ఆ నెలల్లో గ్రంథాలయంలో కూర్చుని, నిఘంటువు పక్కన పెట్టుకుని, విద్యుత్ యంత్రాల ఇంగ్లిషు పుస్తకం రెండుసార్లు ఆసాంతం చదివాను. అప్పట్లో బావి మోటారు కాలితే హైదరాబాదుకో వరంగల్‌కో పంపాలి. అది తిరిగొచ్చేలోగా పొలం నెర్రెలిచ్చేది. ఆ పని ఇక్కడే ఎందుకు కాకూడదన్న ఆలోచన పుట్టాక మిల్లులో నా కాలు నిలవలేదు. మానేస్తున్నానంటే మిల్లు యజమాని సేటు నవ్వాడు.

"యాదగిరీ, బుక్కులు సదివి మోటర్లు సుడుతవా? నెల దినాలల్ల మళ్ల నా గేటు కాడనే ఉంటవ్."

"ఉంటే నీ మోటరు తీస్కపోనీకే ఉంట సేటూ," అన్నాను.

కాలిన తీగను విప్పుతూ చుట్లు లెక్కపెట్టాలి. అదే మందం రాగి తీగను చెక్క అచ్చు మీద అన్ని చుట్లే చుట్టి, మోటారు గాడుల్లో కాగితం పరిచి కూర్చోబెట్టాలి. తర్వాత వార్నిష్ పోసి వేడిలో ఆరబెట్టాలి. కొలిమి లేదు కాబట్టి చెక్కపెట్టెలో బల్బులు వెలిగించి ఆరబెట్టాను. అలా చుట్టిన మొదటి మోటారు రఘునాథపల్లి రైతు నర్సింహారెడ్డిది.

బిగించిన పన్నెండో రోజున, సరిగ్గా వారపు సంత జరిగే అంగడినాడు, అది ఎడ్లబండిలో తిరిగొచ్చింది.

"ఏందయ్యా గిది? బుస్సున పొగలొచ్చినయ్. పొలం పొట్టమీదున్నది. నీ పుస్తకాలు పిండితె నీళ్లొస్తయా?" అని నర్సింహారెడ్డి పటేలు అరిచాడు.

జనం మూగారు. "లైబ్రరీ వైండింగు గట్లనే ఉంటది," అని ఎవరో అన్నారు. ఆ మాట నిలబడితే షాపు నిలబడదు.

"పటేలా, గిప్పుడే నీ ముందట ఇప్పుత. తప్పు నాదైతే షాపు గిప్పుడే మూస్త," అన్నాను.

మూత తీశాను. మోటారుకు కరెంటు మూడు తీగల్లో, అంటే మూడు ఫేజుల్లో వస్తుంది. ఆ మూడు ఫేజుల చుట్టలలో రెండు బొగ్గయ్యాయి. మూడోది చెక్కుచెదరలేదు. నా పని చెడ్డదైతే ఎక్కడో ఒకచోట మాడి షార్టయ్యేది. ఇలా రెండు ఒకే తీరుగా మాడి ఒకటి మిగిలిందంటే, ఒక ఫేజు రాకుండానే మోటారు నడిచిందని పుస్తకంలో చదివాను. కానీ అలాంటప్పుడు బావి దగ్గరి స్టార్టరే కరెంటు తెంచి దాన్ని ఆపాలి. ఎందుకు ఆపలేదు?

"జర బాయికాడికి పోదాం పా పటేలా."

బావి దగ్గర స్టార్టరు పెట్టె తెరిస్తే, కరెంటు తెంచడానికి వెనక్కి రావలసిన లోపలి ముక్క కదలకుండా తుమ్మపుల్ల అడ్డం పెట్టి సైకిల్ ట్యూబుతో కట్టి ఉంది.

"పుల్ల ఎందుకు పెట్టినవ్?"

"కరెంటు ఎప్పుడొస్తదో ఎవనికెరుక? పుల్ల పెడితె కరెంటు రాంగనే అదే నడుస్తది. లేకుంటె దినమంత బాయికాడనే కావలుండాల్నా?"

ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఒక ఫ్యూజు పోయి ఒక ఫేజు రాలేదు. పుల్ల ఉండటంతో మోటారు తిరగలేక, ఆగలేక కాలిపోయింది. నేను చదివిన ఏ పుస్తకంలోనూ తుమ్మపుల్ల లేదు. పటేలు అడిగినదానికి జవాబూ లేదు. దారి పొడవునా అదే ఆలోచించాను.

మోటారు నాలుగు రోజుల్లో మళ్లీ చుట్టాను. దానితోపాటు మూడు బల్బులున్న పలక ఒకటి చేసి, ఫేజుకొక బల్బు చొప్పున కలిపి, బావి దగ్గర ఎత్తైన కర్రకు కట్టాను. స్టార్టరులోని పుల్ల తీసేశాను. "ఇంటికాడి నుంచే సూడు. మూడు వెలిగితెనే వచ్చి బటన్ ఒత్తు. రెండే వెలిగితె ముట్టకు," అన్నాను. చివరి మడి ఎండింది, మిగతాది పండింది. ఆ తర్వాత పలక లేకుండా నా షాపు నుంచి ఒక్క మోటారూ బయటికి పోలేదు. కొట్టు చాలక పక్క కొట్టు కూడా తీసుకున్నాను.

కాలిన యంత్రాన్ని విప్పితే ఏం జరిగిందో తెలుస్తుంది. ఎందుకు జరిగిందో తెలియాలంటే దాన్ని నడిపే మనిషి దగ్గరికి పోవాలి. ఆ రెండో సగంతోనే నా వ్యాపారం నిలిచింది.

రాని ఇంగ్లిషు మాటలకు అర్థం చెప్పిన గ్రంథాలయం రామచంద్రం సారుకు, చెక్క అచ్చులు చెక్కిచ్చిన వడ్రంగి వడ్ల బ్రహ్మయ్యకు, గాడుల కాగితాలు నాకంటే సాపుగా కోసిన నా భార్య సత్తెమ్మకు కృతజ్ఞతలు. మరుసటి అంగడినాడు నా షాపు ముందు నిలబడి, "పుల్ల పెట్టింది నేనే, తప్పు నాదే" అని అందరూ వినేలా చెప్పిన నర్సింహారెడ్డి పటేలుకు కృతజ్ఞతలు.