సిరిగేరి దారిలో ఐదు పట్టీల విచారణ

ప్రతి శనివారం నాది సారథి ఉద్యోగం. తోరణగల్లు టౌన్‌షిప్‌లో మా అక్క కూతురు మేఘనను ఎక్కించుకుని, బళ్ళారి మీదుగా సిరిగేరిలో మా అమ్మ దగ్గర దింపాలి. బావకు ప్లాంటులో షిఫ్టు, అక్కకు ఆఫీసు. బళ్ళారిలో ఒంటి గదిలో ఉండే నాకు మాత్రం సెలవు. మేఘనకు ఐదేళ్లు నిండగానే కారు బెల్టు సరిగ్గా పడేలా పిల్లను ఎత్తులో కూచోబెట్టే బూస్టర్ సీటు ఒకటి అక్క కొని నా కారు డిక్కీలో పడేసింది. "పట్టీల సీటు తీసి ఇది ఎప్పుడు ఎయ్యాల్నో నువ్వే చూసి చెప్పురా, ఇంజనీరింగు సదివినావు కదా" అనింది. నా డిగ్రీ అక్కరకొచ్చిన మొదటి సందర్భం కాబట్టి విచారణను పూర్తి గాంభీర్యంతో చేపట్టాను.

కంపెనీ బస్సుల రద్దీ తగ్గాక, తొమ్మిది దాటి బయలుదేరడం మంచిది. రానుపోను పెట్రోలుకు వెయ్యి పెట్టుకోండి. పట్టీలు బిగించడానికి నేను వంగినప్పుడు మేఘన నా చెవిలో ఒక రహస్యం చెబుతుంది. వారం మొత్తంలో ఒక మనిషి నాతో అంత దగ్గరగా మాట్లాడేది అప్పుడే. బూస్టర్ వస్తే కారు బెల్టు తనే పెట్టేసుకుంటుంది. అంటే ఈ కేసులో న్యాయమూర్తికి స్వప్రయోజనం ఉంది.

ఆ రోజు రహస్యం బదులు ఫిర్యాదు వచ్చింది. "మా క్లాసులో ఎవురూ ఇట్ల కట్టేసుకోరు మామా. అందరూ ముందర సీట్లో నిలబడి పోతారు."

"వాళ్ళ మామలకు ఇంజనీరింగు రాలేదులే" అన్నాను. భుజాలు చూశాను. పట్టీలు బయటికొచ్చే పై రంధ్రానికి ఇంకా వేలెడు కిందే ఉన్నాయి. సీటు మీద రాసిన బరువు కూడా దాటలేదు. పాత సీటు ఇంకా సరిపోతోంది. నాకు ఎక్కువ సంతోషం కలగడమే అనుమానంగా తోచింది.

బళ్ళారిలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని, జీన్స్ యూనిట్ నడిపే నా స్నేహితుడు తిప్పేశి దగ్గర ఆగాము. డిక్కీలో బూస్టర్ చూసి వాడు నవ్వాడు. "ఏందప్పా, దుడ్లు పోసి ఈ పీట కొన్యారా? నాలుగు ప్యాంట్లు మడిచి కిందేస్తే సాలు!"

ఆగి ఉన్న కారులోనే పరీక్షించాము. ప్యాంట్ల దొంతర మీద మేఘన కొంచెం కదలగానే ముందుకు జారింది, బెల్టు మెడకు వచ్చింది. "మామా, గొంతుకు తగుల్తాండాది!" తిప్పేశి తన సరుకు తీసేసుకున్నాడు. తర్వాత అసలు బూస్టర్ వేశాము. బెల్టు భుజం మధ్యగా, కింద తొడల మీదుగా చక్కగా పడింది. టక్‌మని తనే పెట్టుకుని, "సూడు, నువ్వు అక్కర్లే" అంది.

నేను ఆ బెల్టును మరోసారి లాగి చూశాను.

"దారంతా ఇట్లే నిటారుగా కూచుంటావా?"

"ఊఁ. నిద్ర కూడా పోను."

తీర్పు వాయిదా వేసి, పాత సీటులోనే సిరిగేరి దారి పట్టాము. నిద్ర పోకపోతే వచ్చే వారం బూస్టర్ అని ఒప్పందం. వరి పొలాలు మొదలైన చోట అద్దంలో చూశాను. తల పక్కకు వాలింది, నడుము వంకరపోయింది, ఐదు పట్టీలే ఆమెను సీటులో నిలబెట్టాయి. బూస్టర్‌లో అయితే ఆ వాలుకు బెల్టు భుజం మీంచి జారిపోయేది. కేసు తేలింది. గెలిచింది నేను కాదు, ఆ నిద్ర.

సిరిగేరిలో అమ్మ కారు తలుపు తీసి, "దూడని కట్టినట్ల కట్టినావేంది నాయనా?" అంది.

మేఘన కళ్ళు నులుముకుంటూ, "నిద్రపోతానంట అవ్వా, అందుకే" అని నా తరఫున వాదించింది. దిగి, వెనక్కి చూడకుండా లోపలికి పరిగెత్తింది.

తిరుగు ప్రయాణం ఒంటరిగానే. పొలాల మీద ఎండ, కారులో నేను, వెనక ఒక ఖాళీ సీటు. గుంత వచ్చినప్పుడల్లా బకిల్ ప్లాస్టిక్‌కు తగిలి టక్కుమంటోంది. రెండుసార్లు "ఏంది మేఘా?" అన్నాను. ఆ వేలెడు ఎత్తు ఎన్నాళ్ళుంటుందో తెలియదు. పెరిగిన రోజు నేనే చూడాలి, నేనే చెప్పాలి. తనే టక్‌మని పెట్టుకుంటుంది, నేను వంగే పని ఉండదు.

ఇదే దారిలో పిల్లలతో వెళ్లేవారికి ఒక సలహా. వయసు చూసి సీటు మార్చకండి. భుజాలు పై రంధ్రం దాటాయా, బరువు సీటు పరిమితి దాటిందా, నిద్రలో కూడా నిటారుగా ఉంటారా, అది చూడండి. ఇంకోటి, పిల్లను దింపాక ఖాళీ సీటుకు కూడా పట్టీలు పెట్టేయండి. లేకపోతే బళ్ళారి దాకా అది మిమ్మల్ని పిలుస్తూనే ఉంటుంది.